పెల్లెట్ స్టవ్ కీచుమంటోంది, ఇరవై నిమిషాలకల్లా ఆరిపోతోంది. ఎవరికైనా ఇలా అయిందా?

కొత్తకుంపటి:
అందరికీ నమస్కారం. మా పెల్లెట్ స్టవ్‌కి (రంపపు పొట్టు నొక్కి చేసిన చిన్న గుళికలు, అంటే పెల్లెట్లు, మండించి ఇల్లు వేడి చేసేది) ఇది మూడో చలికాలం, మొదటి రెండేళ్లూ ఏ ఇబ్బందీ పెట్టలేదు. పది రోజుల నుంచి రెండు సమస్యలు ఒకేసారి మొదలయ్యాయి. ఆగర్ (పెల్లెట్లను మంటలోకి తోసే మరలాంటి కడ్డీ) తిరిగినప్పుడల్లా తుప్పు పట్టిన తలుపు బందులా కీచుమని అరుస్తోంది, ఆ అరుపు చివర టక్కుమని ఒక దెబ్బ. రెండోది, వెలిగించాక బాగానే అంటుకుంటుంది, పదిహేను ఇరవై నిమిషాలు మండుతుంది, ఆ తర్వాత పెల్లెట్లు పడటం ఆగిపోయి మంట చిన్నదై ఆరిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ అదే. నిన్న రాత్రి మూడుసార్లు లేచాను. పిల్లలు పడుకునే గదికి వేడి దీని నుంచే వెళ్లాలి, అందుకే టెన్షన్‌గా ఉంది. మండే గిన్నె రోజూ గీకుతున్నాను, అద్దం తుడుస్తున్నాను, బూడిద డబ్బా వారానికోసారి ఖాళీ చేస్తున్నాను. ఆ అరుపుకీ ఈ ఆరిపోవడానికీ సంబంధం ఉందంటారా? ఆగర్ మోటారు పోయిందేమో, కొత్తది ఆర్డర్ పెట్టేయాలా?

పాతస్క్రూడ్రైవర్:
మోటారు ఇప్పుడే కొనకండి. మోటారు పోతే ఇరవై నిమిషాలు బాగా నడిచి ఆగడం అరుదు. ముందు మూడు సంగతులు చెప్పండి. ఆరిపోయే ముందు మంట ఏ రంగులో ఉంది? అద్దం ఎంతసేపట్లో నల్లబడుతోంది? ఆగినప్పుడు ప్యానెల్ మీద ఏ లైటు వెలుగుతోంది? లైట్ల అర్థం ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ మాన్యువల్ దగ్గర పెట్టుకోండి.

ఆ ఇరవై నిమిషాల లెక్క ఊరికే రాలేదు. వెలిగించిన కొత్తలో కంట్రోల్ బోర్డు స్టవ్‌కి కొంత గడువు ఇస్తుంది. ఆ గడువులోపు పొగ దారి తగినంత వేడెక్కిందో లేదో చెప్పడానికి ఒక చిన్న స్విచ్ ఉంటుంది, చాలా స్టవ్‌లలో అది 40 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య కలుస్తుంది. గడువు అయిపోయినా అది కలవకపోతే మంట లేదనుకుని బోర్డు ఆగర్‌ని ఆపేస్తుంది. అంటే మీ కంటికి మంట కనిపిస్తున్నా స్టవ్ లెక్కలో అది మంట కాదు. గాలి సరిగా లాగక మంట నీరసంగా ఉన్నా, ఆ స్విచ్ మీద బూడిద పేరుకున్నా ఇదే జరుగుతుంది. వ్యాక్యూమ్ స్విచ్ (పొగ గొట్టం వైపు గాలి లాగుడు ఉందో లేదో చూసేది) తెగినా పెల్లెట్లు ఆగుతాయి, కానీ దానికి టైమ్‌తో పని లేదు, ఎప్పుడైనా ఆపుతుంది.

హేమంతం:
కీచు శబ్దం సంగతి నాకు బాగా తెలుసు, పోయిన చలికాలం నెల రోజులు దాంతోనే గడిపాను. ఆగర్ నిమిషానికి ఒకటి నుంచి నాలుగు చుట్లే తిరుగుతుంది, అదీ ఆగి ఆగి. అరుపు కూడా అలా ఆగి ఆగి వస్తుంటే అది ఆగర్‌దే. ఆగకుండా ఒకే తీరుగా గుయ్యిమంటే ఫ్యాన్ బేరింగ్. మాది కూడా మీలాగే చుట్టుకొక అరుపు. హాపర్ (పెల్లెట్లు పోసే తొట్టి) మొత్తం ఖాళీ చేసి అడుగున టార్చ్ వేసి చూస్తే పెల్లెట్ల నుసి ఆగర్ రెక్కకీ గొట్టానికీ మధ్య పేరుకుని, నొక్కుకుని, అద్దంలా నున్నగా మెరుస్తోంది. గోటితో గీకితే గీత కూడా పడలేదు. సన్నటి చెక్క పుల్లతో పొడిచి పొడిచి తీస్తే బిళ్లలు బిళ్లలుగా ఊడొచ్చింది. వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగేశాక కొత్త పెల్లెట్లు పోస్తే ఆ రోజు నుంచి అరుపు లేదు.

నేను చేసిన తప్పేంటంటే, బస్తా అడుగున మిగిలే పొడి కూడా వృథా ఎందుకని హాపర్‌లోకే దులిపేసేవాడిని. ఈఎన్‌ప్లస్ ఎ1 అనే పెల్లెట్ల నాణ్యత గుర్తు ఉన్న బస్తాలకి తేమ 10 శాతం, బూడిద 0.7 శాతం దాటకూడదని నియమం ఉంది, పొడికి కూడా హద్దు ఉంది. అయినా బస్తా ఎత్తి దించిన ప్రతిసారీ ఇంకొంచెం పొడి అవుతూనే ఉంటుంది. ఇప్పుడు జల్లెడ పట్టి పోస్తున్నాను. టక్కుమనే దెబ్బ మాత్రం చాలాసార్లు పొడవాటి పెల్లెట్ ఆగర్ అంచున ఇరుక్కుని విరిగే చప్పుడు, దానికి భయపడక్కర్లేదు.

రాత్రిషిఫ్ట్:
మా దాంట్లో వ్యాక్యూమ్ స్విచ్ ఊరికే ఆపేస్తోందని దానికి వచ్చే రెండు వైర్లూ కలిపేశాను. వారం రోజులుగా ఒక్కసారి కూడా ఆగలేదు. రాత్రికి కావాలంటే మీరూ అలా చేసి చూడండి, తర్వాత తీరిగ్గా బాగుచేసుకోవచ్చు.

పాతస్క్రూడ్రైవర్:
తమ్ముడూ, దయచేసి ఇవాళే ఆ వైర్లు విడదీయి. ఆ స్విచ్ ఆపుతోందంటే పొగ గొట్టం వైపు లాగుడు చాల్లేదని అర్థం. తలుపు సరిగా పడకపోయినా, గొట్టం పూడుకుపోయినా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగిపోయినా నిప్పుకి మేత పడకుండా ఆపేది అదే. దాన్ని దాటేస్తే పొగ, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకి తెలియదు. స్విచ్ చెడిందో లేదో తెలుసుకోవడానికి మెకానిక్ తన ఎదురుగా ఒక నిమిషం వైర్లు కలిపి చూడటం వేరు, అలా వదిలేసి పడుకోవడం వేరు. కొత్తకుంపటి గారూ, ఇంట్లో పిల్లలున్నారన్నారు, ఆ పని అస్సలు చేయకండి. స్టవ్ ఉన్న అంతస్తులో ఒకటి, పడుకునే గదుల దగ్గర ఒకటి కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాల్సిందే.

రాత్రిషిఫ్ట్:
అంత ప్రమాదమని తెలియదన్నా. విడదీశాను. ఇప్పుడు అసలు వెలగడం లేదు, నాదీ గాలి సమస్యే అన్నమాట. చెబుతూ ఉండండి, నేనూ మీ వెనకాలే చేసుకుంటూ వస్తాను.

బూడిదబకెట్:
ఒక జాగ్రత్త చెప్పాలి. వెలిగించడం ఫెయిల్ అయ్యాక గిన్నె ఖాళీ చేయకుండా మళ్లీ స్టార్ట్ నొక్కొద్దు. నేను రెండుసార్లు వరసగా నొక్కాను. గిన్నె నిండి కుప్ప పడింది, మంట లేదు, లోపలంతా తెల్లటి పొగ సుడులు తిరుగుతోంది. ఏమవుతుందోనని చూస్తూ నిలబడ్డాను. ఒక్కసారిగా పొగంతా అంటుకుని ఢబ్‌మని మోగింది, తలుపు అదిరింది, గొట్టం అతుకుల్లోంచి మసి గదిలోకి చిమ్మింది. అద్దం పగల్లేదు, అదే అదృష్టం. అలాంటి తెల్లపొగ కనిపిస్తే తలుపు తెరవొద్దు, ప్లగ్గూ పీకొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని తిరగనిచ్చి దూరంగా ఉండండి. అంతా చల్లారాకే గిన్నె ఖాళీ చేయాలి.

తీసిన బూడిద మూత ఉన్న ఇనప బకెట్‌లో వేసి ఇంటి బయట పెట్టాలి. చల్లారినట్టు కనిపించినా అడుగున నిప్పుకణిక చాలా గంటలు ఉంటుంది. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగితే దాని సంచి అంటుకుంటుంది.

కొత్తకుంపటి:
అందరికీ థాంక్స్. పాతస్క్రూడ్రైవర్ గారూ, మంట మీరన్నట్టే నీరసంగా ఉంది. పొడుగ్గా, నారింజ రంగులో, కొసన నల్లగా ఊగుతోంది. అద్దం అరగంటలో పొగచూరిపోతోంది. మొదటి ఏడాది మంట పొట్టిగా, తెల్లటి పసుపులో చురుగ్గా ఎగిరేది, ఇప్పుడు గుర్తొస్తోంది. నేను రోజూ ఊడ్చేది కంటికి కనిపించే బూడిదేనా?

పాతస్క్రూడ్రైవర్:
అవును, అదే. గిన్నె శుభ్రంగా ఉంటే స్టవ్ శుభ్రంగా ఉన్నట్టు కాదు. మంట గూడు వెనక గోడకి అవతల పొగ తిరిగి వెళ్లే దారులుంటాయి, తేలికపాటి బూడిదంతా అక్కడే దిగుతుంది. రాత్రంతా చల్లారనిచ్చి, ప్లగ్ పీకేసి మొదలుపెట్టండి. వెనక పలక ఊడొచ్చేదైతే తీయండి, లేకపోతే రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి, లోపల జలజలా రాలడం వినిపిస్తుంది. పలక ఇటుకల్లా కనిపించే తేలిక రకమైతే సుత్తి తగలనివ్వొద్దు, పగిలిపోతుంది. తర్వాత గొట్టం కింద టీ (T) ఆకారపు అతుకు మూత విప్పండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తీసి రెక్కలు బ్రష్‌తో దులపండి, తిరిగి బిగించేటప్పుడు దాని గాస్కెట్ (సందుల్లోంచి గాలి దూరకుండా వేసే పట్టీ) కొత్తది వేయండి.

అందరూ మర్చిపోయేది వ్యాక్యూమ్ స్విచ్‌కి వెళ్లే సన్నటి సిలికాన్ ట్యూబు. స్టవ్ వైపు కొస ఊడదీసి, అది తగిలే చిన్న నాళంలో సన్నటి తీగ పెట్టి తిప్పండి. స్విచ్ వైపు ఊడదీయకుండా నోటితో ఊదొద్దు, లోపలి పొర చిరుగుతుంది. ట్యూబు ఎండి పగిలిందేమో వంచి చూడండి. చివరగా తలుపు గాస్కెట్: కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు వేసి లాగండి, చుట్టూ ఏ చోటా సులువుగా జారకూడదు.

గాలివాన:
ఇవన్నీ చేసినా కొన్ని రాత్రులే ఆరిపోతుంటే బయట గాలి వైపు చూడండి. మాది సరిగ్గా ఈదురుగాలి గొట్టం నోట్లోకి కొట్టిన రాత్రుల్లోనే ఆగేది. ఇంకోటి, మా ఇల్లు కిటికీలు వేస్తే గాలి దూరని ఇల్లు. వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే అది ఇంట్లో గాలంతా లాగేసి స్టవ్‌కి కరువయ్యేది. కిటికీ వేలెడు తెరిస్తే మంట లేచి నిలబడేది, దాంతోనే దొరికింది. బయటి గాలి నేరుగా స్టవ్‌కి వచ్చేలా పైపు పెట్టించాక మళ్లీ ఆ గొడవ లేదు.

కొత్తకుంపటి:
నిన్నంతా దీంతోనే సరిపోయింది, రిపోర్ట్ ఇస్తున్నాను. వెనక పలక తీయగానే బూడిద మోచేతి దాకా జారింది, దాదాపు సగం బకెట్. రెండు చలికాలాలుగా అక్కడ ఒక పలక ఉందనే నాకు తెలియదు. ట్యూబు ఊడదీస్తే నాళంలో సూది పట్టేంత కూడా సందు లేదు, తీగ తిప్పితే బూడిద చిన్న బిరడాలా బయటికొచ్చింది. హాపర్ అడుగున హేమంతం గారు చెప్పినట్టే మెరిసే నుసి. తలుపు గాస్కెట్ కింది మూల కాగితం జారింది, కొత్త గాస్కెట్ తాడు తెప్పించాలి.

రాత్రి వెలిగించాను. ఇరవై దాటింది, ముప్పై దాటింది, ఉదయం ఆరింటి దాకా ఆగలేదు. మంట మళ్లీ పొట్టిగా, చురుగ్గా ఉంది. కీచు లేదు. కానీ కొత్తగా వెనక నుంచి గరగరమని సన్నటి వణుకు, పైన చెయ్యి పెడితే తెలుస్తోంది.

పాతస్క్రూడ్రైవర్:
సంతోషం. ఆ వణుకు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌దే అయ్యుంటుంది. ఒక రెక్క మీద మసి మిగిలినా బరువు ఒక పక్కకి తూగి వణుకుతుంది. ప్లగ్ పీకి, రెక్కలు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూడండి, ఇరుసు మీద బిగించే చిన్న స్క్రూ వదులైందేమో కూడా చూడండి. రెండు రోజుల్లో చేయండి, అలాగే నడిపితే బేరింగ్ పోతుంది. వేడెక్కేటప్పుడు, చల్లారేటప్పుడు టిక్ టిక్‌మని వచ్చేది మాత్రం రేకు సాగి ముడుచుకోవడం, దాన్ని వదిలేయండి.

రాత్రిషిఫ్ట్:
నాదీ దొరికిందన్నా. ట్యూబు ఎగ్జాస్ట్ గొట్టానికి ఆనుకుని కరిగి చిల్లు పడింది. కొత్త ట్యూబు వేశాను, వైర్లు కలపకుండానే నడుస్తోంది. ఒక్క డౌట్. కరెంట్ పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మోటార్లన్నీ బొంయ్‌మని మూలుగుతున్నాయి, ఇది కూడా బూడిద వల్లేనా?

గాలివాన:
కాదు, ఇన్వర్టర్ రకం వల్ల. సైన్ వేవ్ కాని ఇన్వర్టర్ మీద ఈ మోటార్లు అలాగే మూలుగుతాయి, వేడెక్కుతాయి కూడా. ప్యూర్ సైన్ వేవ్ అని రాసి ఉన్నదానికి మార్చండి. మార్చేదాకా కరెంట్ పోతుందనిపించిన రోజు స్టవ్ వెలిగించకపోవడమే నయం. మధ్యలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగిందంటే పొగ గదిలోకి తిరుగుతుంది.

కొత్తకుంపటి:
ఒక రెక్క వెనక బఠాణీ గింజంత మసి ఉండ అంటుకుని ఉంది. గీకేశాను, వణుకు పోయింది. తాడు గాస్కెట్ వచ్చాక మళ్లీ కాగితం పెట్టి చూసి చెబుతాను.