షికారు పడవల డిజైన్ నేర్చుకోవాలంటే ఏ డిగ్రీ?

గోదారిగట్టు:
నమస్కారమండీ. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. సరుకుల ఓడలు కాదు, యాట్‌లు, స్పీడ్ బోట్లు, టూరిస్టు లాంచీలు డిజైన్ చేసే పని మీద మనసుంది. దానికి ఏ డిగ్రీ చదవాలి? క్లాసులో చెప్పనివి విడిగా ఏం నేర్చుకోవాలి?

లంగరు:
షికారు పడవల పేరుతోనే డిగ్రీ కావాలని పట్టుబట్టకండి, నేవల్ ఆర్కిటెక్చర్ (ఓడలు, పడవల డిజైన్ చదువు) తీసుకోండి. విశాఖలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, ఐఎంయూ సెట్ రాయాలి. కొచ్చిలో కుసాట్ (కొచ్చిన్ యూనివర్సిటీ) ఉంది. ఖరగ్‌పూర్, మద్రాస్ ఐఐటీలకైతే జేఈఈ అడ్వాన్స్‌డ్. మాస్టర్స్‌కి బయటికెళ్లే ఆలోచన ఉంటే సౌతాంప్టన్ యూనివర్సిటీ చూడండి. అక్కడ మోడళ్లను లాగి పరీక్షించే 138 మీటర్ల టోయింగ్ ట్యాంక్ ఉంది.

ఒక్క చిక్కు: సిలబస్ ఎక్కువగా పెద్ద ఓడల చుట్టూ తిరుగుతుంది. చిన్న పడవల లోకం వేరు. యూరప్‌లో 2.5 నుంచి 24 మీటర్ల పొడవున్న షికారు పడవలకు 2013/53/ఈయూ డైరెక్టివ్ వర్తిస్తుంది. స్టెబిలిటీకి (పడవ బోల్తా పడకుండా నిలిచే గుణానికి) ఐఎస్ఓ 12217 ప్రమాణం, హల్ (పడవ దేహం) మందం, బలం లెక్కలకు ఐఎస్ఓ 12215. రెండో ఏడాది నుంచే ఈ రెండూ పట్టుకోండి. మన నదుల్లో తిరిగే పడవలకైతే 2021 ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టం కూడా చదవాలి.

తెరచాప:
స్టెబిలిటీని మార్కుల కోసం చదవకండి. 2019లో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగినప్పుడు ఏం జరిగిందో గోదావరి వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఈ లెక్క చెయ్యండి. జనంతో కలిపి 15 టన్నుల లాంచీ. మనిషికి 75 కిలోల చొప్పున 30 మంది కింది డెక్ నుంచి 2.4 మీటర్లు పైకెక్కారు. 2250 × 2.4 ÷ 15000 = 0.36. అంటే గురుత్వ కేంద్రం 36 సెంటీమీటర్లు పైకి పోయింది, జీఎం (వాలిన పడవ మళ్లీ నిటారుగా లేవగలదా అని చెప్పే కొలత) అంత మేరా తగ్గింది. వాళ్లే ఫొటోల కోసం ఒక పక్కకి చేరితే వాలు మొదలవుతుంది.

జీఎం కొలిచేది ఇంక్లైనింగ్ పరీక్షతో. 10 టన్నుల పడవలో 100 కిలోల బరువు అడ్డంగా 2 మీటర్లు జరిపితే, 2 మీటర్ల లోలకం 40 మిల్లీమీటర్లు కదిలిందనుకోండి: జీఎం 1 మీటరు. ట్యాంకులు సగం నిండి ఉన్నా, కట్టుతాళ్లు బిగుతుగా ఉన్నా రీడింగ్ తప్పు వస్తుంది.

రెజిన్ పని:
సెలవుల్లో ఫైబర్‌గ్లాస్ పడవలు కట్టే యార్డులో చేరండి. చదరపు మీటరు 450 గ్రాముల చాప్డ్ మ్యాట్‌కి (గాజు నారల చాపకి) పాలిస్టర్ రెజిన్ సుమారు 1.1 కిలోలు, అందులో హార్డెనర్ (ఎంఈకేపీ) ఒకటిన్నర శాతం, అంటే దాదాపు 17 గ్రాములు. విశాఖ ఎండలో తొందరగా గడ్డకడుతుంది కాబట్టి కొద్దికొద్దిగానే కలుపుకోవాలి. ఒకేసారి మందంగా పేరిస్తే లోపల వేడి పుట్టి పగుళ్లొస్తాయి. హార్డెనర్ మరీ తగ్గిస్తే రెజిన్ పూర్తిగా గట్టిపడదు. నీళ్లలోకి దించాక బొబ్బలు లేస్తాయి.

ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటుంది: కోబాల్ట్‌నీ (రెజిన్ తొందరగా గట్టిపడటానికి వేసే మందు) హార్డెనర్‌నీ నేరుగా కలపకండి, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డెనర్. కళ్లద్దాలు తప్పనిసరి, ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు.

గోదారిగట్టు:
చాలా థాంక్సండీ. సాఫ్ట్‌వేర్ ఏది మొదలుపెట్టమంటారు?

లంగరు:
డెల్ఫ్ట్‌షిప్ ఉచిత వెర్షన్‌తో హల్ గీయడం, తర్వాత రైనో. వాటికంటే ముందు ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఇంజన్, బ్యాటరీ, నీళ్ల ట్యాంకు, సీట్లు, చివరికి వైర్లు కూడా: ప్రతిదాని బరువు, ముందువెనకల దూరం, అడ్డదూరం, ఎత్తు రాయండి. చిన్న పడవల్లో అంచనా ఎప్పుడూ తక్కువే వస్తుంది, ఎందుకంటే రంగు, జిగురు, బోల్టులు ఎవరూ లెక్కలో వెయ్యరు.