వాటర్‌గేట్: నిక్సన్‌ను దించింది దొంగతనమా, దాన్ని దాచిపెట్టడమా?

ప్రశ్న: రాజనీతి విద్యార్థిని

నేను ఎం.ఏ.లో తులనాత్మక రాజకీయాలు చదువుతున్నాను. అమెరికా అధ్యక్ష వ్యవస్థ మీద సెమినార్ పత్రం రాయవలసి వచ్చి వాటర్‌గేట్ వ్యవహారాన్ని ఎంచుకున్నాను. సంఘటనల క్రమం తెలిసింది కాని, ఒకచోట మాత్రం లోపలి తర్కం అందడం లేదు. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనం ఆరో అంతస్తులో, ప్రతిపక్ష డెమొక్రాటిక్ పార్టీ జాతీయ కార్యాలయంలోకి రహస్యాలు రాబట్టడానికి చొరబడిన ఐదుగురు పట్టుబడ్డారు. వారిని అక్కడికి పంపమని అప్పటి అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ స్వయంగా ఆదేశించినట్లు రుజువు ఈనాటికీ లేదు. పైగా ఆ నవంబరు ఎన్నికల్లో ఆయన 50 రాష్ట్రాలకు 49 గెలిచారు; ప్రత్యర్థి జార్జ్ మెక్‌గవర్న్‌కు మసాచుసెట్స్, రాజధాని నగరం మాత్రమే దక్కాయి.

అంతటి బలం ఉన్న నాయకుడు మొదటి వారంలోనే "మా ఎన్నికల కమిటీలో కొందరు హద్దు మీరారు, వారిని తొలగించాను" అని చెప్పి చేతులు దులుపుకొని ఉంటే గొడవ అక్కడితో ముగిసేది కదా? మా మాస్టారు "నేరం కన్నా దాన్ని కప్పిపుచ్చడమే పెద్ద నేరమైంది" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ వాక్యం పత్రంలో రాసుకోవడానికి బాగానే ఉంటుంది. కాని రాజకీయాల్లో పాతికేళ్లు నలిగిన మనిషి అంత తెలివితక్కువ పని ఎందుకు చేశారన్న ప్రశ్నకు అది జవాబు కాదని నాకు అనిపిస్తోంది. తెలిసినవారు వివరించగలరు.

జవాబు: పాత పత్రికల పెట్టె

మీ మాస్టారి వాక్యం అబద్ధం కాదు. అయితే అది కథ మొత్తం తెలిసిన తర్వాత వెనక్కి తిరిగి చూసి చెప్పిన మాట. 1972 జూన్‌లో వైట్‌హౌస్‌లో కూర్చున్నవారికి కనిపించింది నేరమూ కాదు, నీతీ కాదు, డబ్బు. పట్టుబడినవారి దగ్గర దాదాపు 2,300 డాలర్లు దొరికాయి. అందులో చాలావరకు వంద డాలర్ల నోట్లే, అవీ వరస నంబర్లవి. అంటే బ్యాంకు నుంచి వచ్చిన కట్టను అలాగే విప్పి జేబుల్లో పెట్టుకొని దొంగతనానికి బయలుదేరారన్నమాట! అటువంటి నోటు ఏ బ్యాంకు గుమ్మం దాటి వచ్చిందో కనుక్కోవడం ఎఫ్‌బీఐకి పెద్ద పని కాదు. ఆ జాడ మయామీలో నిందితుడు బెర్నార్డ్ బార్కర్ ఖాతాకు చేరింది. ఆ ఖాతాలో మెక్సికో నగరపు న్యాయవాది ఒకరి ద్వారా వచ్చిన 89,000 డాలర్ల చెక్కులూ, కెన్నెత్ డాల్‌బర్గ్ పేరు మీద ఉన్న 25,000 డాలర్ల చెక్కూ జమ అయి ఉన్నాయి. ఆ రెండూ అధ్యక్షుడి పునరెన్నిక కమిటీకి వచ్చిన విరాళాలే. దొంగలతో మాకు సంబంధం లేదని చెప్పవచ్చు కాని, తమ ఖజానాతో తమకు సంబంధం లేదని ఎవరు చెప్పగలరు? పైగా దొంగల్లో ఒకరైన జేమ్స్ మెకార్డ్ ఆ కమిటీకే భద్రతాధికారి.

అందుకే ఆరు రోజులు తిరగకముందే, జూన్ 23 ఉదయం, వైట్‌హౌస్ ప్రధాన అధికారి హాల్డెమన్ అధ్యక్షుడి గదిలోకి వెళ్లి, ఎఫ్‌బీఐ దర్యాప్తు డబ్బు దారి పట్టిందని చెప్పారు. పరిష్కారం కూడా ఆయనే చెప్పారు: సీఐఏ ఉపసంచాలకుడు వెర్నన్ వాల్టర్స్ చేత ఎఫ్‌బీఐ తాత్కాలిక సంచాలకుడు పాట్రిక్ గ్రేకు "ఇది మా రహస్య వ్యవహారాల జోలికి వస్తోంది, మీరు పక్కకు తప్పుకోండి" అనిపించాలి. నిక్సన్ సరేనన్నారు. దేశభద్రత అనే మాటను సొంత పార్టీ ఖాతా పుస్తకం మీద దుప్పటిలా కప్పడమే ఆ పథకం. అది సుమారు రెండు వారాలు పనిచేసింది. ఆ అభ్యంతరాన్ని కాగితం మీద రాసి ఇవ్వమని గ్రే అడిగేసరికి వాల్టర్స్ వెనక్కి తగ్గారు.

ఇక రెండో పని, పట్టుబడినవారి నోళ్లు మూయించడం. న్యాయవాదుల ఫీజు, కుటుంబాల పోషణ అనే పేర్లతో నాలుగు లక్షల డాలర్లకు పైగా చేతులు మారాయి. మొదట్లో ఆ డబ్బు చేరవేసిన టోనీ ఉలసెవిజ్ న్యూయార్క్ పోలీసుశాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పబ్లిక్ టెలిఫోన్లలో వేయడానికి చిల్లర నాణేలు మోసి మోసి జేబులు చిరుగుతున్నాయని, బస్సు కండక్టర్లు నడుముకు తగిలించుకొనే నాణేల గొట్టాల పెట్టె కొనుక్కున్నానని ఆయన సెనేట్ విచారణలో చెబితే సభ అంతా నవ్వింది. నోట్ల కట్టలను విమానాశ్రయపు లాకర్లలో పెట్టి, దూరంగా నిలబడి, వచ్చినవారు తీసుకుంటున్నారో లేదో చూసేవాడట. ఒక మహారాజ్యపు అధ్యక్ష కార్యాలయం ఆ స్థాయికి దిగింది. ఒకసారి ఇచ్చాక రెండోసారి ఇవ్వననడం కుదరదు. 1973 మార్చి 21న న్యాయ సలహాదారు జాన్ డీన్, మరో రెండేళ్లకు పది లక్షల డాలర్లు కావలసి వస్తాయని అంటే, నగదు రూపంలోనే సంపాదించవచ్చు, ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు అని నిక్సన్ బదులిచ్చారు. ఆ రాత్రే, దొంగతనానికి పథకం వేసినవారిలో ఒకరైన హోవర్డ్ హంట్ న్యాయవాదికి 75,000 డాలర్లు అందాయి.

జవాబు: మరో పక్క

పై మిత్రుడు డబ్బు లెక్క చక్కగా చెప్పారు. కాని విద్యార్థిని గారి అసలు ప్రశ్నకు ఆ లెక్క సగం జవాబే. మొదటి వారంలో నిజం ఒప్పుకొని ఉంటే సరిపోయేదనే భావనే నాకు పొరపాటుగా తోస్తుంది. ఏ నిజం ఒప్పుకోవాలి? వాటర్‌గేట్ ఒక్కటే ఉంటే ఒప్పుకోవచ్చు. హంట్‌నూ, అతనితో కలిసి పథకం వేసిన గోర్డన్ లిడ్డీనీ పోలీసులకు అప్పగిస్తే, వాళ్లు వాటర్‌గేట్ దగ్గరే ఆగుతారన్న నమ్మకం ఏమిటి?

1971 జూన్‌లో వియత్నాం యుద్ధం గురించిన పెంటగాన్ రహస్య పత్రాలు న్యూయార్క్ టైమ్స్‌లో వెలువడ్డాయి. వాటిని బయటపెట్టిన డేనియల్ ఎల్స్‌బర్గ్ మీద కక్షతో వైట్‌హౌస్‌లో ఒక రహస్య బృందం ఏర్పడింది. లీకేజీలు ఆపేవారు కనుక వాళ్లకు ప్లంబర్లని పేరు. ఆ సెప్టెంబరులో హంట్, లిడ్డీల నాయకత్వంలో ఆ బృందం, ఎల్స్‌బర్గ్ మానసిక వైద్యుడి బెవర్లీ హిల్స్ కార్యాలయం తలుపులు బద్దలుకొట్టింది. రోగి ఫైలు దొంగిలించి మనిషిని అభాసుపాలు చేయాలన్నది ఆలోచన. ఆ పని చేసిన చేతుల్లో బార్కర్‌వీ, యూజీనియో మార్టినెజ్‌వీ ఉన్నాయి. వాటర్‌గేట్‌లో పట్టుబడిన ఐదుగురిలోనూ ఆ ఇద్దరున్నారు. ఇక ఆ తీగను ఎవరైనా లాగితే డొంక ఎక్కడ కదులుతుందో అధ్యక్షుడి చుట్టూ ఉన్నవారికి తెలియదా? పార్టీల మధ్య వేగులాట అయితే ఎన్నికల వేళ మామూలేనని కొట్టిపారేయవచ్చు. ప్రభుత్వ జీతం తీసుకొనే మనుషులు ఒక పౌరుడి వైద్యుడి గదిలోకి చొరబడటం అలా కొట్టిపారేసేది కాదు. ఆ సంగతి బయటపడ్డాక, 1973 మేలో ఎల్స్‌బర్గ్ మీద పెట్టిన కేసు మొత్తాన్నీ న్యాయమూర్తి కొట్టివేశారు. ఆ కేసు నడుస్తుండగానే వైట్‌హౌస్ అదే న్యాయమూర్తికి ఎఫ్‌బీఐ సంచాలక పదవి ఆశ చూపిందన్నది ఇంకో ముచ్చట.

కనుక కప్పిపుచ్చడం తెలివితక్కువతనం కాదు. అప్పటికి చేసిన పనులను బట్టి చూస్తే వాళ్లకు మిగిలిన ఒకే దారి. "నేరం కన్నా కప్పిపుచ్చడం పెద్దది" అన్న మాటలో ఒక మోసం ఉంది. నేరం చిన్నదని అది ముందే ఒప్పేసుకుంటుంది. "మూడో తరగతి దొంగతనం" అని మొదటి రోజుల్లో తేలిక చేసింది అధ్యక్షుడి పత్రికా కార్యదర్శి రాన్ జీగ్లర్. మీ మాస్టారి మీద గౌరవంతోనే అంటున్నాను, యాభై ఏళ్ల తర్వాత మనమూ ఆ అంచనాతోనే మొదలుపెట్టడం న్యాయం కాదు.

జవాబు: న్యాయవాది, గుంటూరు

ఇద్దరి వాదనలూ ఒప్పుకుంటూనే ఒక మాట చేర్చాలి. దాచడానికి కారణం ఎంత బలమైనదైనా, దాచగలిగేవారే, టేపులు లేకపోతే. జాన్ డీన్ సెనేట్ సంఘం ముందు అధ్యక్షుడి మీద సాక్ష్యం చెప్పినప్పుడు అది ఒక మాటకు ఇంకో మాట పోటీ మాత్రమే. దేశాధ్యక్షుడి మాటకు ఎదురు, తొలగించబడిన ఉద్యోగి మాట ఎంతవరకు నిలుస్తుంది? 1973 జూలై 16న వైట్‌హౌస్ మాజీ అధికారి అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్, అధ్యక్షుడి గదిలో 1971 నుంచీ ప్రతి సంభాషణా రికార్డవుతోందని చెప్పడంతో ఆ పోటీ ముగిసింది. మీట నొక్కవలసిన పని కూడా లేదు. గొంతు వినిపిస్తే యంత్రం తనంతట తానే తిరిగేది. 1971 యుద్ధ కాలంలో ఇందిరాగాంధీని నిక్సన్, కిసింజర్ ఎంత నీచంగా తిట్టుకున్నారో 2005లో మనకు తెలిసింది కూడా ఈ టేపుల పుణ్యమే.

ఆ టేపులను కాల్చేయకపోయారా అని అందరూ అడుగుతారు. బటర్‌ఫీల్డ్ సాక్ష్యమిచ్చిన నాటికి నిక్సన్ న్యుమోనియాతో బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో ఉన్నారు. సలహాదారులు రెండు వర్గాలై వాదించుకున్నారు. అధికారికంగా కోరే లోపల ధ్వంసం చేస్తే ఒక రకం, కోరిన తర్వాత చేస్తే పచ్చి నేరం. ఆ వ్యవధి వారం రోజులే, అది వాదనల్లోనే గడిచిపోయింది. ఆ తర్వాత మిగిలింది న్యాయపోరాటం. టేపులు కావాలని పట్టుబట్టిన ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను తొలగించమంటే, అటార్నీ జనరల్ ఇలియట్ రిచర్డ్‌సన్ ఆ పని చేయనని రాజీనామా చేశారు. ఆయన కిందివాడు విలియం రకెల్స్‌హౌస్ కూడా ఒప్పుకోక పదవి వదులుకున్నారు. మూడో స్థానంలో ఉన్న రాబర్ట్ బోర్క్ సంతకం పెట్టారు. 1973 అక్టోబరు 20, శనివారం రాత్రి అది. అధ్యక్షుడి తొలగింపు అనే మాట ప్రతినిధుల సభలో నిజంగా వినిపించడం మొదలైంది ఆ రాత్రి తర్వాతే.

కోర్టుకు అందిన టేపుల్లో 1972 జూన్ 20 నాటిదానిలో పద్దెనిమిదిన్నర నిమిషాల సేపు గరగర శబ్దం తప్ప మరేమీ లేదు. టెలిఫోన్ మోగితే అందుకోబోయి, కాలు టేపు యంత్రం పెడల్ మీదనే ఉంచి, పొరపాటున రికార్డు మీట నొక్కానని కార్యదర్శి రోజ్ మేరీ వుడ్స్ చెప్పారు. ఎలా జరిగిందో ఆవిడ చేసి చూపిస్తుండగా తీసిన ఫోటో దొరికితే చూడండి: ఒక చెయ్యి వెనుక ఫోను మీద, ఒక కాలు ముందు పెడల్ మీద, శరీరం విల్లులా సాగి ఉంటుంది. ఆ భంగిమలో ఐదు నిమిషాలు కూర్చోవడం యోగాసనాలు వేసేవారికీ కష్టమే. కోర్టు నియమించిన నిపుణులు కనీసం ఐదుసార్లు విడివిడిగా చెరిపారని తేల్చారు. చెరిపిందెవరో మాత్రం తేలలేదు.

1974 జూలై 24న సుప్రీంకోర్టు 8-0 తీర్పుతో టేపులు అప్పగించమంది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ నిక్సన్ నియమించినవారే. అధ్యక్షుడికి కొంత రహస్యాధికారం ఉందని కోర్టు ఒప్పుకుంది. క్రిమినల్ విచారణకు కావలసిన సాక్ష్యం ముందు అది నిలవదంది. మూడు రోజులకు ప్రతినిధుల సభ న్యాయసంఘం, న్యాయ ప్రక్రియను అడ్డుకున్నారన్న మొదటి అభియోగాన్ని 27-11తో ఆమోదించింది. అవునన్నవారిలో ఆరుగురు ఆయన పార్టీవారు. మన పాత శిక్షాస్మృతి 201వ సెక్షన్, అంటే నేరస్థుణ్ణి కాపాడటానికి సాక్ష్యం మాయం చేయడం, తెలిసినవారికి ఆ అభియోగం కొత్తగా ఉండదు: అసలు నేరంలో వాటా లేకపోయినా శిక్ష పడుతుంది. విద్యార్థిని గారి "ఆదేశించినట్లు రుజువు లేదు" అన్న అభ్యంతరం చట్టం ముందు నిలవకపోవడానికి కారణం ఇదే. ఆగస్టు 5న జూన్ 23 టేపు ప్రజల ముందుకు వచ్చింది. అప్పటిదాకా మూడు అభియోగాలనూ వ్యతిరేకించిన పదిమంది రిపబ్లికన్లూ మాట మార్చుకున్నారు. సెనేట్‌లో పదవి నిలుపుకోవడానికి 34 ఓట్లు కావాలి. అవి లేవని ఆగస్టు 7న బారీ గోల్డ్‌వాటర్ వెళ్లి ముఖాముఖి చెప్పారు. ఆగస్టు 9న, విదేశాంగ మంత్రి కిసింజర్‌కు రాసిన ఒకే వాక్యపు లేఖతో నిక్సన్ రాజీనామా చేశారు.

ప్రశ్న అడిగినవారి స్పందన: రాజనీతి విద్యార్థిని

ముగ్గురికీ కృతజ్ఞతలు. నా పత్రంలో ఎల్స్‌బర్గ్ ఉదంతాన్ని అధోజ్ఞాపికలో వేశాను. దాన్ని మొదటి అధ్యాయానికి తెస్తాను. న్యాయవాది గారూ, ఒక సందేహం: ఆ అభియోగం మీద నిక్సన్ ఎప్పుడైనా కోర్టు బోనెక్కారా?

జవాబు: న్యాయవాది, గుంటూరు

లేదండి. ఆయన స్థానంలోకి వచ్చిన జెరాల్డ్ ఫోర్డ్ 1974 సెప్టెంబరు 8న పూర్తి క్షమాభిక్ష ఇచ్చారు. హాల్డెమన్, నిక్సన్ సలహాదారు ఎర్లిక్‌మన్, మాజీ అటార్నీ జనరల్ జాన్ మిచెల్ మాత్రం 1975 జనవరి 1న దోషులుగా తేలి జైలుకు వెళ్లారు.

జవాబు: పొటోమాక్ ఒడ్డున

నేను వర్జీనియాలో ఉంటాను. ఆఫీసు పనిమీద ఆ భవనం ముందునుంచి తరచూ వెళ్తుంటాను. వంకరలు తిరిగిన కాంక్రీటు బాల్కనీలు తప్ప అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు. అందరూ పెద్దపెద్దవారి గురించే రాశారు కనుక, ఆ రాత్రి కాపలాదారు ఫ్రాంక్ విల్స్ గురించి నాలుగు మాటలు. వయసు 24, జీతం వారానికి 80 డాలర్లు. కింది అంతస్తులో తలుపు గడియ పడకుండా ఎవరో టేపు ముక్క అంటించి ఉంటే, పనివాళ్లు మరిచిపోయారనుకొని పీకేశాడు. ఆ టేపు నిలువుగా కాక అడ్డంగా అంటించారు, అందువల్లే తలుపు మూసినా బయటికి కనిపించింది. మళ్లీ వచ్చి చూస్తే అదే తలుపుకు కొత్త టేపు. ఎవరో కనిపెట్టి పీకేశారని తెలిసి కూడా లోపలికి రావలసినవారు వెనక్కి వెళ్లలేదు, ఇంకొక ముక్క అంటించి పైకి ఎక్కారు. అప్పుడు విల్స్ పోలీసులకు ఫోన్ చేశాడు. తలుపులకు టేపు కనిపించిందని, పోలీసులను పిలిచానని ఆయన తన డ్యూటీ పుస్తకంలో రాసుకున్న కాగితం నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. ఆయన మాత్రం ఆ తర్వాత నిలకడైన ఉద్యోగం లేక, 2000లో జార్జియాలోని ఆగస్టాలో పేదరికంలోనే పోయారు.