పాంపేయికి వెళ్లాలా, ఓస్తియా సరిపోతుందా?

ప్రశ్న: మార్చిలో అమ్మానాన్నలతో రోముకు వెళ్తున్నాము. కొలోసియం చూశాక ఒక రోజు మిగులుతుంది. ఆ రోజు పాంపేయికి వెళ్లడం మేలా, లేక ఓస్తియా ఆంతికా చాలా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నాయి. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా తినరు.

జవాబు 1: క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిదలో కూరుకుపోయిన పాంపేయికి సాటి లేదు. అయితే నేపుల్స్ వరకు ఒక రైలు, అక్కడి నుంచి మరొకటి, ఆపై ఎగుడుదిగుడు రాతి వీధులు అంటే మీ నాన్నగారికి శ్రమే. రోములోని పిరమిడె మెట్రో పక్కనున్న స్టేషనులో రైలెక్కితే అరగంటలో చేరే ఓస్తియా, ఒకప్పటి రోము రేవుపట్టణం. అక్కడి వర్తకుల చౌకులో ఓడలు, ఏనుగు, ధాన్యపు కొలపాత్రలు నలుపు తెలుపు రాళ్లతో నేలపై పొదిగి ఉంటాయి. నాకు అవి కొలోసియం కన్నా ఎక్కువ నచ్చాయి. రాళ్ల బాట అక్కడా ఉంది కానీ నేల చదునైనది. సోమవారం మాత్రం వెళ్లకండి, సెలవు.

జవాబు 2: భోజనం సంగతి చెబుతాను. తాజా పాస్తాలో తరచుగా గుడ్డు కలుపుతారు, ఎండు స్పగెట్టిలో సాధారణంగా ఉండదు. రోము వంటల్లో విరివిగా వాడే పెకొరీనో రొమానో జున్నును (చీజ్) గొర్రెపిల్ల కడుపులోని పదార్థంతో తోడుపెడతారు కనుక, అమ్మగారికి ముందే చెప్పండి. జున్ను లేని మరినారా పిజ్జా, యూదుల వాడలో నూనెలో కరకరలాడేలా వేయించే ఆర్టిచోకు (కూరగా వండే ఒక పూమొగ్గ) తినవచ్చు. మార్చి దానికి మంచి కాలం.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. మంగళవారం ఓస్తియాకే వెళ్తాము.