"అతనిలోని ఇండియన్‌ను చంపి, మనిషిని కాపాడండి": ఈ వాక్యాన్ని తెలుగు చేయడం గురించి

ప్రశ్న: అమెరికా ఆదివాసీ పిల్లల బోర్డింగ్ పాఠశాలల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. కార్లైల్ పాఠశాల స్థాపకుడు రిచర్డ్ హెన్రీ ప్రాట్ చెప్పిన ప్రసిద్ధ వాక్యాన్ని "ఇండియన్‌ను చంపి మనిషిని చెయ్యాలి" అని రాశాను. "బడిలో వేసి మనిషిని చేశారు" అని మనం అంటూనే ఉంటాం కదా, ఆ నుడికారం ఇక్కడ ఒదిగిందనిపించింది. పెద్దలు సరిచూడగలరు.

సమాధానం: నుడికారం చక్కనిదే గానీ ప్రాట్ మాటకు సరిపోదండీ. మనిషిని చెయ్యడమంటే అంతకుముందు అతను మనిషి కాడని అర్థం వస్తుంది. ప్రాట్ అన్నది "కాపాడండి" అని. చచ్చిన ఇండియనే మంచి ఇండియన్ అని ఒక సేనాని అన్నట్టు ప్రచారంలో ఉన్న మాటను 1892లో డెన్వర్ సభలో ఎత్తుకొని, చావవలసింది ఆ జాతిలోని ఇండియన్‌తనమేనని, ఆ మేరకే తాను దానితో ఏకీభవిస్తానని చెబుతూ ఆయన ఈ వాక్యం పలికాడు. ఇండియన్ పుట్టుకతోనే అనాగరికుడనుకోవడం పొరపాటని, అతను కూడా మనందరిలాగే ఏ ముద్రా లేకుండా పుడతాడని అదే ప్రసంగంలో అన్నాడు. ఆ కాలపు జాతి సిద్ధాంతాలతో పోల్చి చూస్తే ఇది ఉదారమైన మాట. నన్ను కలవరపెట్టేది కూడా అదే: పిల్లవాడి తెలివి మీద అంత నమ్మకమున్నవాడు వాడి భాషకు, ఇంటికి, పేరుకు ఏ విలువా ఇవ్వలేదు.

"లోని" అన్నదాన్ని కూడా వదలకండి, పాఠశాల చేసిన పనంతా అందులోనే ఉంది. 1879లో పెన్సిల్వేనియాలోని ఒక పాత సైనిక స్థావరంలో కార్లైల్ బడి తెరిచినప్పుడు చేరిన తొలి జట్టులో ఓటా క్టే అనే లకోటా తెగ కుర్రవాడు ఉన్నాడు. నల్లబల్ల మీద వాడికి చదవరాని రాతలేవో రాసి, చేతికి పుల్ల ఇచ్చి ఒకటి చూపించమన్నారు. వాడు చూపిన పేరును తెల్లటి పట్టీ మీద రాసి చొక్కా వీపున కుట్టారు. ఆనాటి నుంచి వాడు ల్యూథర్, తండ్రి పేరైన స్టాండింగ్ బేర్ ఇంటిపేరయింది. తర్వాత జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడడాన్ని నిషేధించారు. వేసవిలో చాలామందిని ఇంటికి పంపకుండా తెల్లవారి పొలాల్లో, ఇళ్ళలో పనికి పెట్టేవారు. 1918లో ఆ బడి మూతపడేనాటికి అక్కడి శ్మశానంలో నూరుకు పైగా పిల్లల సమాధులున్నాయి.

మీ నుడికారం గురించి మరొక్క మాట. ఆశ్రమ పాఠశాలలో చేరిన కోయ పిల్లవాడికి పరాయి భాష మన తెలుగే కనుక, వాణ్ణి "మనిషిని చేశాం" అని మనం అన్నప్పుడు ఆ మాట బరువు వేరుగా ఉంటుంది.

మరొకరు: "పిల్లల్లోని ఇండియన్‌ను చంపాలి" అని కెనడా అధికారి డంకన్ కాంప్‌బెల్ స్కాట్ అన్నట్టు చదివాను. రెండూ ఒకటేనా?

సమాధానం: ఆ మాట స్కాట్ అన్నాడనడానికి ఆధారం లేదు. దేశ సమాజంలో కలిసిపోని ఇండియన్ కెనడాలో ఒక్కడు కూడా మిగలకుండా పోయేంతవరకు తమ పని సాగాలని ఆయన 1920లో అన్నాడు. అది నమోదైన మాట. మీరు చదివిన వాక్యాన్ని 2008లో అప్పటి కెనడా ప్రధాని స్టీఫెన్ హార్పర్ అక్కడి ఆదివాసీ పిల్లల బోర్డింగ్ బడుల విషయంలో పార్లమెంటులో క్షమాపణ చెబుతూ ఎవరి పేరూ ఎత్తకుండా ఉదహరించారు. కనుక వ్యాసంలో ప్రాట్‌నూ స్కాట్‌నూ కలపకపోవడం మంచిది.

ప్రశ్న: "ఇండియన్" అని ఉంచితే మన పాఠకుడు భారతీయుడనుకోడా? "ఆదివాసి" అనవచ్చునా?

సమాధానం: "రెడ్ ఇండియన్" మాత్రం వద్దు, అది మూలంలో లేదు, పైగా కించపరిచే మాట. "ఆదివాసి" మనకు దగ్గరగా వినిపిస్తుంది గానీ అందులో గౌరవం ఉంది, ప్రాట్ మాటలో అది లేదు. లకోటా, షయాన్, కయోవా అన్న తేడాలు చూడకుండా అందరినీ ఆయన ఒకే పేరుతో పిలిచాడు. కనుక ఉద్ధరణలో "ఇండియన్" అనే ఉంచి, మీ సొంత వాక్యాల్లో తెగ పేరు తెలిసినచోట తెగ పేరు, తెలియనిచోట "అమెరికా ఆదివాసి" అని రాయండి.