ద్రాక్షరసం పులవడం సగంలో ఆగింది, తీపి అలాగే ఉంది. కారణం?

ప్రశ్న:
ఐదు లీటర్ల ద్రాక్షరసం. ఈస్ట్ వేసిన రోజు హైడ్రోమీటర్ (రసం సాంద్రత కొలిచే తేలే గొట్టం, చక్కెర తగ్గేకొద్దీ దాని అంకె దిగుతుంది) 1.090 చూపించింది. ఆరో రోజుకి 1.030కి దిగి, మూడు రోజులుగా అక్కడే ఉంది. బుడగలు లేవు. గది వేడి 34 డిగ్రీలు. ఇంకాస్త ఈస్ట్ చల్లితే కదులుతుందా?

జవాబు 1:
కదలదండీ. ముందు లోపల ఏం జరుగుతోందో చూడండి. ఈస్ట్ ఒక గ్లూకోజ్ అణువును పైరువేట్ అనే రెండు చిన్న అణువులుగా విరిచి, రెండు ఏటీపీలు (కణం వాడుకునే శక్తి అణువులు) మిగుల్చుకుంటుంది. ఆ విరిచే పనికి ఎన్‌ఏడీ (ఎలక్ట్రాన్లు మోసే సహాయక అణువు) ఉండాలి, అదేమో వాడిన కొద్దీ అయిపోతుంటుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికే పైరువేట్‌లోంచి కార్బన్ డయాక్సైడ్ వదిలేసి, మిగిలిన ఎసిటాల్డిహైడ్‌ని ఆల్కహాల్‌గా మారుస్తుంది. 180 గ్రాముల గ్లూకోజ్‌కి లెక్కలో వచ్చేది 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల గ్యాస్. కొంత చక్కెర ఈస్ట్ పెరుగుదలకీ, గ్లిజరాల్ అనే ఉపఉత్పత్తికీ పోతుంది కాబట్టి అసలు దిగుబడి కాస్త తక్కువే.

మీ రసంలో రెండు రీడింగ్‌ల తేడా 0.060. దాన్ని 131తో (తేడాను ఆల్కహాల్ శాతంగా మార్చే అంకె) గుణిస్తే దాదాపు 8 శాతం ఆల్కహాల్. ఈ ఒక్కటే అయితే ఈస్ట్ తట్టుకునేది. కానీ పులిసేటప్పుడు వేడి పుడుతుంది, జాడీ లోపల 34 కంటే ఎక్కువే ఉండి ఉంటుంది. వేడీ ఆల్కహాలూ కలిస్తే కణం పొర దెబ్బతిని, చక్కెరను లోపలికి లాక్కోలేదు.

జవాబు 2:
మళ్లీ మొదలుపెట్టాలంటే జాడీని 22 డిగ్రీలకు చల్లార్చండి. ఆల్కహాల్ తట్టుకునే వైన్ ఈస్ట్ 5 గ్రాములు, 37 డిగ్రీల నీళ్లు 50 మిల్లీలీటర్లలో 15 నిమిషాలు నానబెట్టండి. 100 మిల్లీలీటర్ల తాజా రసం కలపండి. నురగ కట్టాక, ఆగిపోయిన రసం 100 పోయండి. మళ్లీ నురగొస్తే 200, తర్వాత 400. చివరికి అంతా జాడీలోకి. తొందరపడి పొడిని నేరుగా ఆల్కహాల్‌లో చల్లితే చాలా కణాలు నానుతూనే చచ్చిపోతాయి.

జవాబు 3:
బుడగలు ఆగాయని మాత్రం సీసాల్లో పోసి మూత బిగించొద్దు! లీటరుకి ఇంకా 80 గ్రాముల దాకా చక్కెర ఉంది. అదంతా పులిస్తే లీటరుకి 20 లీటర్ల గ్యాస్, సీసా పేలిపోతుంది. ఈలోగా గాలి తగలకుండా జాడీని మెడదాకా నింపి ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని మూత) పెట్టండి, లేకపోతే ఎసిటిక్ బ్యాక్టీరియా చేరి వెనిగర్ చేసేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తోందా?

ప్రశ్న అడిగినవారు:
కొద్దిగా వస్తోంది.

జవాబు 3:
అయితే నైట్రజన్ కూడా చాలలేదన్నమాట. నైట్రజన్ ఇచ్చే అమ్మోనియం ఉప్పును మొదటి మూడోవంతు చక్కెర అయ్యేలోపే వేయాలి, ఆల్కహాల్ పెరిగాక ఈస్ట్ దాన్ని సరిగా తీసుకోదు. ఇప్పుడైతే కొంచెం ఈస్ట్‌ని నీళ్లలో మరిగించి, చల్లారాక కలపండి; ఆ చచ్చిన ఈస్టే బతికున్నదానికి ఆహారం. రీడింగ్ తీసేముందు హైడ్రోమీటర్‌ని గిర్రున తిప్పండి, బుడగలు అంటుకుంటే అది పైకి తేలి ఎక్కువ చూపిస్తుంది. 0.995 దగ్గర మూడు రోజులు నిలిస్తే పులవడం అయిపోయినట్టే.