గిటార్ పట్టుకుని మైక్‌కి మూతి పెడితే షాక్ కొడుతోంది, లోపం దేంట్లో?

రాజోలు_గిటార్:
మొన్న మా వైపు తీర్థంలో ప్రోగ్రాం. కాలువ గట్టు పక్కన స్టేజీ, సాయంత్రం జల్లు పడి కార్పెట్ తడిసిపోయింది. ఉత్తినే పాడితే ఏం లేదు, తీగల మీద చెయ్యి ఉండగా మైక్‌కి మూతి తగిలితే మాత్రం పెదవి మీద సూదితో పొడిచినట్టు చుర్రుమంది. జేబురుమాలు చుట్టి మూడు గంటలు లాగించేశాను. యాంప్ నా ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద, పక్కింటి కరెంటు. మిక్సరేమో సౌండ్ వాళ్ల జనరేటర్ మీద. మైక్ పోయిందా, గిటార్ పోయిందా?

కీబోర్డ్_తమ్ముడు:
మాకూ ఇంతే అన్నా. యాంప్ ప్లగ్గులో లావు పిన్ను, అదే ఎర్త్ పిన్ను, పీకేశాం, గుయ్యిమనే హమ్ కూడా పోయింది.

సౌండ్_బాబాయ్:
ఆ పిన్ను పీకే పని మాత్రం చెయ్యకండి బాబూ, హమ్‌తో పాటు మనిషీ పోతాడు.

మైకూ గిటారూ రెండూ బానే ఉండుంటాయండి. గిటార్ తీగలు కేబుల్ షీల్డు ద్వారా యాంప్ బాడీకి కలిసుంటాయి, మైక్ జాలీ మిక్సర్ బాడీకి. రెండు బాడీలూ ఒకే ఎర్త్ మీద ఉంటే వాటి మధ్య వోల్టేజీ ఉండదు. మీకు ఒకటి ఇంటి కరెంటు, ఒకటి జనరేటర్, చెయ్యి ఒక దాని మీద, మూతి ఇంకో దాని మీద, మధ్యలో గుండె. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు ఎర్త్ సరిగ్గా లేని మైక్ పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు.

పాడే ముందు మల్టీమీటర్ ఏసీలో పెట్టి ఒక పుల్ల మైక్ జాలీకి, ఇంకోటి తీగకి ఆనించండి. సున్నా దగ్గరుండాలి. 110 అలా చూపిస్తే చాలాసార్లు ఎర్త్ లేక అడాప్టర్ ఫిల్టర్ నుంచి వచ్చే లీకేజీ, చిన్నదే కదా అని వదిలెయ్యకండి. 230 దగ్గరుంటే స్టేజీ ఎక్కనే వద్దు. స్టేజీ మీద సామానంతా ఒకే సప్లై నుంచి తీసుకోండి, ముందు 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చి) ఉండాలి. హమ్ సంగతంటారా, డీఐ బాక్సులో (గిటార్‌ని మిక్సర్‌కి కలిపే చిన్న డబ్బా) గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి, అది ఆడియో షీల్డునే తెంపుతుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు.

రాజోలు_గిటార్:
గట్టున ఇనప రాడ్డు పాతి వైరు కట్టేస్తే చాలదా బాబాయ్? మన నేల ఎప్పుడూ తడే కదా.

సౌండ్_బాబాయ్:
అందరూ అక్కడే పడతారండి. తడి నేలే, రాడ్డు రెసిస్టెన్స్ 20 ఓములు వచ్చిందనుకోండి, లైవ్ వైరు యాంప్ బాడీకి తగిలిందనుకోండి. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపులు, 16 ఆంపుల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్చి) దానికి పడదు. యాంప్ బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. అందుకే రాడ్డున్నా ఆర్‌సీసీబీ కావాలి. జనరేటర్ న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపకపోతే అదీ పని చెయ్యకపోవచ్చు, ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ముందు ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సు విప్పండి.

రాజోలు_గిటార్:
విప్పాను బాబాయ్. పైకి త్రీ పిన్నే, లోపల వైరు రెండు కోర్లది. ఎర్త్ కన్నం వెనక స్క్రూ కొత్తదానిలా మెరుస్తోంది, ఒక్కసారి కూడా బిగించిన గుర్తు లేదు. నాలుగేళ్ళుగా దీని మీదే వాయిస్తున్నా.