అమ్మకు 54, బాపుకు 68, సీనియర్ లివింగ్ల ఇద్దర్ని తీస్కుంటరా?

నమస్తే అందరికి. మాది హన్మకొండ. బాపు సింగరేణిల రిటైర్ అయిండు, షుగర్ ఉన్నది గని తన పనులన్ని తనే చేస్కుంటడు. నేను, తమ్ముడు ఇద్దరం బయట దేశంల ఉంటున్నం, రాత్రిపూట ఏమన్నయితే ఎంజీఎం దవాఖాన దాక తీస్కపోయేటోళ్లు ఎవ్వరు లేరని రోజూ బుగులైతది. హైదరాబాద్ దిక్కు, పెద్దవయసోళ్ల కోసమే కట్టిన ఇండ్లు ఉండే సీనియర్ లివింగ్‌కు పోతం అని వాళ్లే అంటున్రు. ఒక దగ్గర అడిగితే ఇద్దరికి వయసు నిండాలె అన్నరు, ఇంకో దగ్గర ఒక్కరికి నిండితే చాలన్నరు. ఏది నమ్మాలె?

కాజీపేట అన్న: రెండూ నిజమే చెల్లె. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమం కోసం తెచ్చిన 2007 చట్టం ప్రకారం సీనియర్ సిటిజన్ అంటే 60 నిండినోళ్లు, గని ప్రైవేటోళ్లు వాళ్ల రూల్ వాళ్లే పెట్టుకుంటరు, కొన్ని చోట్ల 55, కొన్ని చోట్ల 60. మొగుడు పెండ్లాలల్ల ఒక్కరికి నిండితే ఒప్పుకునేటియి చానా ఉన్నయి. నువ్వు అసలు అడగాల్సింది వేరే ఉన్నది, రేపు బాపు లేకపోతే అమ్మ వయసు నిండలేదని ఖాళీ చెయ్యమంటరా? నోటిమాట వద్దు, అగ్రిమెంట్ల రాయించుకో.

నర్సంపేట టీచరమ్మ: వయసు ఒక్కటే చూడరమ్మా, మెడికల్ రిపోర్టులు గూడ అడుగుతరు. ఇండిపెండెంట్ లివింగ్ అంటే స్నానం, తిండి, మందులు ఎవ్వరి సాయం లేకుండ చేస్కోవాలె. మా మేనమామ మంచిగున్నప్పుడే చేరిండు, తర్వాత మతిమరుపు ముదిరితే ఇక్కడ ఉంచుకోం, తీస్కపోండి అన్నరు, ఆ వయసుల మళ్ల జాగ మారాల్సొచ్చె పాపం. అందుకే అసిస్టెడ్ లివింగ్ (రోజువారి పనులల్ల మనిషి సాయం ఉండేది) గూడ అదే ఆవరణల ఉన్నదా, దాని రేటెంత, ఆరోగ్యం పాడైతే అందులకు మారుస్తరా లేదా అని ముందే తేల్చుకో. మీరు దేశంల లేరు గదా, సంతకం పెట్టేటందుకు, అర్ధరాత్రి ఫోన్ ఎత్తేటందుకు ఇక్కడ ఒక మనిషిని చూపెట్టమంటరు, చుట్టాలల్ల ఎవరన్న ఒప్పుకుంటరేమో ఇప్పుడే అడుగు.

భూపాలపల్లి రిటైర్డ్: హన్మకొండ ఇల్లు మాత్రం ఇప్పుడే అమ్మకుండ్రి. ముందు కిరాయికి కొన్ని నెలలు ఉండి చూడమను. ఫ్లాట్ కొంటే తర్వాత మీ పేరు మీదికొస్తది గని మీకు ఆ వయసు వచ్చేదాక అండ్ల ఉండనియ్యని చోట్లు గూడ ఉన్నయి. కొత్తగ కడుతున్నదైతే రెరా (ఇండ్లు కట్టి అమ్మేటోళ్ల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ) ఇచ్చిన నంబర్ చూడాలె. ఇల్లు మీకు గిఫ్ట్ డీడ్ చేద్దమని బాపు అంటే, మమ్ముల చూస్కోవాలె అనే షరతు అండ్ల రాయించుమను, అప్పుడే ఆ 2007 చట్టంల సెక్షన్ 23 వాళ్లకు, మీరు చూస్కోకపోతే ఆ డీడ్ రద్దు చేయించుకునేటందుకు, పనికొస్తది.

అడిగినామె: టీచరమ్మ గారు, ఖమ్మంల మా చిన్నమ్మ కొడుకు ఉన్నడు, హైదరాబాద్‌ల కాదు. అట్ల వేరే ఊర్ల ఉన్నోళ్లను ఒప్పుకుంటరా?

నర్సంపేట టీచరమ్మ: కొందరు ఒప్పుకుంటరు, కొందరు గంట, రెండు గంటలల్ల రాగలిగేటోళ్లే కావాలంటరు. ఖమ్మం నుంచి హైదరాబాద్ అంటే దూరమే గద, హైదరాబాద్‌ల ఇంకో పేరు గూడ ఇచ్చిపెట్టుండ్రి.